ఎరిత్రియా చెరసాలల్లో ఉన్నవాళ్ళ కోసం మీ సంఘంలో ప్రార్థన కూటం పెట్టుకోవాలంటే

మా సంఘంలో ప్రతి నెలా ఆఖరి శుక్రవారం సాయంత్రం ఏడు గంటలకి పదీ పన్నెండు మందిమి కూర్చుంటాం. మధ్యలో చాప మీద ఒక పొడుగాటి నోటుపుస్తకం ఉంటుంది, కిరాణా కొట్లో ఖాతాలు రాసుకునే లాంటిది. ఎరిత్రియా దేశంలో విశ్వాసం కోసం చెరలో ఉన్నవాళ్ళ పేర్లు, వాళ్ళని పట్టుకుపోయిన తేదీలు అందులో రాసి ఉంటాయి. ఆ పేర్లు చదువుతాం, ప్రార్థన చేస్తాం, మూడు నెలలకోసారి ఒక ఉత్తరం రాస్తాం. 2011 నుంచి ఇదే పని. ఈమధ్య వేరే ఊళ్ళ వాళ్ళు కొందరు "మేమూ మొదలుపెడదామనుకుంటున్నాం ఆంటీ, ఎలా చేయాలో కాస్త రాసి పంపండి" అని అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా ఫోన్‌లో చెప్పేకన్నా ఒకేసారి వివరంగా రాద్దామని కూర్చున్నాను.

ఎరిత్రియాయే ఎందుకని చాలామంది అడుగుతారు. ఎర్ర సముద్రం ఒడ్డున, ఇథియోపియాకి పైన, యెమెన్‌కి ఎదురుగా ఉండే చిన్న దేశం. మనవాళ్ళకి పెద్దగా తెలియదు గానీ, ఒకప్పుడు ఆంధ్రా నుంచి లెక్చరర్లు చాలామంది అక్కడికి ఉద్యోగాలకి వెళ్ళారు. మా ఆయన అలాగే మై నెఫ్హి కాలేజీలో గణితం చెప్పడానికి వెళ్ళారు. 2005 నుంచి 2007 దాకా రాజధాని అస్మారాలో అద్దెకి ఉన్నాం. చల్లటి ఊరు, మర్యాదస్తులైన మనుషులు. వెళ్ళిన కొత్తలో ఆ దేశంలో ఏం జరుగుతోందో నాకు ఏమీ తెలియదు.

నాకు తెలిసింది మా పక్కింటి ఆవిడ కాఫీ దగ్గర. అక్కడ కాఫీ అంటే రెండు నిమిషాల పని కాదు. పచ్చి గింజల్ని బొగ్గుల కుంపటి మీద మన ముందే వేయిస్తారు, ఆ పొగని ఒక్కొక్కరి ముఖం దగ్గరికి తెచ్చి వాసన చూపిస్తారు, దంచి, జెబెనా అనే మట్టి కూజాలో కాస్తారు. చిన్న చిన్న కప్పుల్లో మూడు విడతలు పోస్తారు. మూడో విడతని బెరెకా అంటారు, అంటే ఆశీర్వాదం. ఒకరోజు ఆ మూడో కప్పు పోసేముందు ఆవిడ లేచి రేడియో శబ్దం పెంచి వచ్చి కూర్చుంది. ఉన్న నలుగురు ఆడవాళ్ళూ మామూలుగా మాట్లాడుకుంటున్నట్టే, చేతిలో కప్పులు పట్టుకునే ప్రార్థన మొదలుపెట్టారు. అలవాటు కొద్దీ నేను చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాను. ఆవిడ నెమ్మదిగా నా రెండు చేతులూ విడదీసి, ఒక చేతిలో కప్పు పెట్టి, "కళ్ళు మూయకు" అంది. కిటికీలోంచి చూసేవాడికి అది కాఫీలాగే కనిపించాలి, ప్రార్థనలాగా కాదు. ఆ రోజు నుంచి మా సంఘంలో మైకులు పెట్టి, చేతులెత్తి పాడుతున్నప్పుడల్లా నాకు ఆ కప్పు వేడి చేతికి తగిలినట్టే ఉంటుంది.

ముందు విషయం తెలుసుకోండి

కూటం పెట్టేముందు, నడిపేవాళ్ళకి ఈ నాలుగు ముక్కలైనా తెలిసి ఉండాలి. తెలియకుండా పెడితే రెండో నెలకే "పాపం, ఆ దేశం వాళ్ళు" అనే స్థాయికి ప్రార్థన జారిపోతుంది.

ఎరిత్రియా ముప్పై ఏళ్ళు ఇథియోపియాతో పోరాడి 1991లో విడిపోయింది, 1993లో అధికారికంగా స్వతంత్రమైంది. అప్పటి నుంచీ ఇసయాస్ అఫ్వెర్కి ఒక్కరే అధ్యక్షుడు. ఒకటే పార్టీ. జాతీయ ఎన్నికలు ఒక్కసారీ జరగలేదు. 1997లో రాజ్యాంగం ఆమోదించారు, అమలు చేయలేదు. 1998లో ఇథియోపియాతో మళ్ళీ యుద్ధం వచ్చాక, పద్దెనిమిది నెలలు ఉండాల్సిన జాతీయ సేవ, అంటే అందరూ తప్పనిసరిగా సైన్యంలోనో ప్రభుత్వ పనుల్లోనో చేయాల్సిన సేవ, అంతులేకుండా సాగింది. పిల్లలు పన్నెండో తరగతి చదవడానికి సావా అనే సైనిక శిబిరానికి వెళ్ళాలి. అక్కడ బైబిలు చదువుతూ దొరికినా శిక్షే.

2002 మే నెలలో ఉత్తర్వు వచ్చింది. ఆర్థడాక్స్, క్యాథలిక్, లూథరన్, సున్నీ ఇస్లాం, ఈ నాలుగు మాత్రమే ఉండొచ్చు. మిగతావన్నీ మూసేయాలి. పెంతెకొస్తు వాళ్ళు, బాప్టిస్టులు, ఫుల్ గాస్పెల్ వాళ్ళు, అందరి మందిరాలకీ తాళాలు పడ్డాయి. ఇళ్ళల్లో కలుసుకుంటే అరెస్టులు. పెళ్ళి ఇళ్ళల్లోంచి అతిథుల్ని పట్టుకుపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. అనుమతి ఉన్న నాలుగింటికీ సుఖం లేదు. ఆర్థడాక్స్ సంఘ పెద్ద, పేట్రియార్క్ అబూనె అంటోనియోస్, సంఘం విషయాల్లో ప్రభుత్వం వేలు పెట్టడాన్ని వ్యతిరేకించారు. 2006లో ఆయన్ని పదవిలోంచి తీసేసి ఇంట్లోనే నిర్బంధించారు. 2022 ఫిబ్రవరి 9న ఆయన ఆ నిర్బంధంలోనే చనిపోయారు. అప్పటికి తొంభై నాలుగేళ్ళు.

అన్నిటికన్నా ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. అక్కడ మనిషిని తీసుకుపోతే నేరం ఏమిటో చెప్పరు. కోర్టు ఉండదు. శిక్ష ఇన్నేళ్ళు అని ఉండదు. ఎక్కడ పెట్టారో ఇంట్లో వాళ్ళకి చాలాసార్లు తెలియదు. మన దగ్గర ఎంత పెద్ద కేసైనా వాయిదా తేదీ అంటూ ఒకటి ఉంటుంది, లాయరు గారు ఫోన్ చేస్తారు, పేపర్లో వస్తుంది. అక్కడ ఏ తేదీ లేదు. తేదీ లేనివాణ్ణి లోకం తొందరగా మర్చిపోతుంది. అందుకే మా కూటానికి నోటుపుస్తకం అంత ముఖ్యం.

నోటుపుస్తకం ఎలా రాయాలి

ఎక్కువ పేర్లతో మొదలుపెట్టకండి. మేం మొదటి నెల ఇంటర్నెట్‌లో దొరికిన పేర్లన్నీ రాసుకుని నలభై దాకా చదివాం. ఎవరికీ ఒక్కటీ గుర్తులేదు. తర్వాత ఏడుకి తగ్గించాం. ఒక్కొక్కరికీ ఒక పేజీ. పేజీలో నాలుగు గడులు: పేరు, పట్టుకున్న తేదీ, ఆ మనిషి గురించి తెలిసిన ఒకటి రెండు మాటలు, కుడి చివర "విడుదల". ఆ చివరి గడి ఖాళీగా వదలండి.

పేర్ల దగ్గర ఒక మాట. వాళ్ళకి ఇంటిపేర్లు ఉండవు. మొదటిది సొంత పేరు, రెండోది తండ్రి పేరు. కాబట్టి డాక్టర్ కిఫ్లు గెబ్రెమెస్కెల్ గారిని "గెబ్రెమెస్కెల్ గారు" అంటే ఆయన తండ్రిని పిలిచినట్టు. కిఫ్లు గారు అనాలి. గెబ్రెమెస్కెల్ అంటే సిలువకి దాసుడు అని అర్థం. మన యేసుదాసు, క్రీస్తుదాసు లాంటి పేరే. ఇది చెప్పాక మా స్త్రీల సమాజంలో ఒక పెద్దావిడ ఆ పేరు పలకడానికి ఇక జంకలేదు. "సిలువదాసు కొడుకు కిఫ్లు" అనే ప్రార్థన చేస్తారు. దేవుడికి అర్థమవుతుంది.

మీరు మొదలుపెట్టడానికి మా పుస్తకంలోంచి కొందరిని చెబుతాను.

కిఫ్లు గారు, పాస్టర్ హైలే నైజ్గి గారు. ఇద్దరూ ఫుల్ గాస్పెల్ సంఘం నాయకులు. ఇద్దర్నీ ఒకే రోజు, 2004 మే 23న పట్టుకుపోయారు. కిఫ్లు గారు గణితంలో డాక్టరేట్ చేసిన మనిషి. మా ఆయనా గణితం మేష్టారే కదా, ఆ పేజీ వచ్చినప్పుడు ఆయనే చదువుతారు, ఇంకొకరికి ఇవ్వరు. 2024 మే 23కి వాళ్ళు లోపలికి వెళ్ళి సరిగ్గా ఇరవై ఏళ్ళు. మా సండే స్కూల్ పిల్లల్లో ఒక్కరూ అప్పటికి పుట్టలేదు.

డాక్టర్ ఫుత్సుమ్ గెబ్రెనెగుస్ గారు మానసిక వైద్యుడు, ఆర్థడాక్స్ సంఘంలో పునరుజ్జీవన ఉద్యమానికి చెందినవారు. 2004 నవంబరులో ఆయనతోబాటు డాక్టర్ తెక్లెయాబ్ గారిని, గెబ్రెమెధిన్ గారిని తీసుకెళ్ళారు. మందులు రాసే చెయ్యి అది. ఆ దేశంలో మనసు బాగాలేనివాళ్ళు ఎవరి దగ్గరికి వెళ్ళి ఉంటారో అని ఈ పేజీ తీసినప్పుడల్లా అనుకుంటాను.

హెలెన్ బెర్హానే గారు పాటలు పాడే ఆవిడ. క్యాసెట్ విడుదల చేశాక 2004 మే 13న అరెస్టు చేశారు. రెండేళ్ళకి పైగా ఉంచారు. చాలాకాలం మై సెర్వా శిబిరంలో ఇనుప కంటెయినర్‌లో. ఇక కూటాలకి వెళ్ళను అని కాగితం మీద సంతకం పెడితే వదిలేస్తామన్నారు, ఆవిడ పెట్టలేదు. 2006 చివర్లో బయటికి వచ్చేటప్పటికి దెబ్బలకి కాళ్ళు పాడై నడవలేని స్థితి. తర్వాత డెన్మార్క్ చేరుకున్నారు. విడుదల గడి నిండిన పేజీ ఒకటైనా పుస్తకంలో ఉండాలని ఆవిడ పేజీ మొదట్లోనే పెట్టుకున్నాం.

ఇక పౌలోస్ ఎయాసు, ఐజాక్ మోగోస్, నెగెదె టెక్లెమరియం. వీళ్ళు యెహోవా సాక్షులు. ఈ పేజీ దగ్గర మీ సంఘంలో కూడా గొడవ వస్తుంది, ముందే చెబుతున్నాను. "వాళ్ళ బోధ వేరు కదమ్మా, మన కూటంలో వాళ్ళ పేర్లెందుకు" అని మా దగ్గర ఒక పెద్దాయన లేచి వెళ్ళిపోయారు. బోధ వేరే, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఈ ముగ్గురూ తుపాకి పట్టము అన్నందుకు 1994 సెప్టెంబరు 17న లోపలికి వెళ్ళారు. అదే ఏడాది అక్టోబరులో వాళ్ళ మతం వాళ్ళందరి పౌరసత్వమే రద్దు చేశారు. ఇరవై ఆరేళ్ళు లోపలే ఉన్నారు. బంధకాల్లో ఉన్నవాళ్ళని, మీరూ వాళ్ళతో కలిసి బంధింపబడినట్టే జ్ఞాపకం చేసుకోమని హెబ్రీ పత్రిక 13:3లో ఉంది. వాళ్ళ బోధ సరిచూసి జ్ఞాపకం చేసుకోమని అక్కడ లేదు. ఆ పెద్దాయన నాలుగు నెలలకి తిరిగి వచ్చి, ఏమీ మాట్లాడకుండా తన చోట్లో కూర్చున్నారు.

పుస్తకం ఆఖరి పేజీలో ముస్లిం పెద్దమనిషి ఒకరి పేరు కూడా ఉంది, హాజీ మూసా మొహమ్మద్ నూర్. తాను నడిపే బడిని ప్రభుత్వం చేతికి ఇవ్వనన్నందుకు తొంభై ఏళ్ళు దాటిన ఆయన్ని 2017లో పట్టుకున్నారు. 2018 మార్చిలో నిర్బంధంలోనే చనిపోయారు. ఆ పేజీ పెట్టుకోవాలా వద్దా అనేది మీ ఇష్టం. మేం పెట్టుకున్నాం.

నిజమో కాదో చూసుకోవడం

మేం చేసిన పెద్ద తప్పు ఇక్కడే. మొదలుపెట్టిన రెండు మూడేళ్ళకి వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది: ఆఫ్ఘనిస్తాన్‌లో ఇరవై రెండు మంది మిషనరీలకి రేపు మధ్యాహ్నం మరణశిక్ష, వెంటనే అందరికీ పంపండి, ప్రార్థన చేయండి అని. ఏడుస్తూ రాత్రంతా ప్రార్థన చేశాం, రెండు వందల మందికి పంపాం. అది ఏళ్ళ తరబడి ప్రపంచమంతా తిరుగుతున్న అబద్ధం. 2007లో తాలిబన్లు కొరియా సంఘం వాళ్ళు ఇరవై ముగ్గుర్ని ఎత్తుకుపోవడం, ఇద్దర్ని చంపడం నిజమే, మిగతావాళ్ళు ఆ ఏడాదే విడుదలయ్యారు. తర్వాత తిరిగిన ఈ మెసేజ్‌కి మాత్రం ఆధారం లేదు. విషయం తెలిశాక మా కూటంలో సగం మంది రావడం మానేశారు. "ఇవన్నీ ఇంతే" అన్నారు. నిజంగా చెరలో ఉన్న కిఫ్లు గారి మీద కూడా నమ్మకం పోయింది. ఒక్క అబద్ధపు మెసేజ్‌కి అంత నష్టం.

అందుకని మా పద్ధతి ఇది. పేరు, తేదీ, చోటు లేని వార్త చదవం. ఏదైనా పేరు పుస్తకంలో ఎక్కాలంటే కనీసం రెండు చోట్ల కనిపించాలి: ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్, హ్యూమన్ రైట్స్ వాచ్, ఐక్యరాజ్యసమితి నివేదికలు, అమెరికా అంతర్జాతీయ మతస్వేచ్ఛ కమిషన్ జాబితా, హింసింపబడే సంఘాల కోసం పనిచేసే పేరున్న సంస్థలు. "వెంటనే పది మందికి పంపండి" అని ఉంటే అక్కడే ఆపేస్తాం. ఇది చూసే పని మా కూటంలో డిగ్రీ చదివే ఒక అమ్మాయికి అప్పగించాం. ఆ పిల్ల మాకన్నా గట్టిది, పాస్టరు గారు పంపిన వార్తనైనా "ఆధారం చూపించండి అయ్యగారూ" అంటుంది. ఆయన కూడా సంతోషంగా చూపిస్తారు.

లెక్కల విషయంలో కూడా ఇంతే. ఎంతమంది ఉన్నారని అడిగితే "వందల్లో ఉన్నారని చెబుతారు" అని ఆగిపోతాం. ఎక్కువ చేసి చెప్పాల్సిన అవసరమే లేదు. ఒక్క మనిషి ఇరవై ఏళ్ళు కోర్టు ముఖం చూడకుండా లోపల ఉన్నాడంటే సరిపోదా?

కూటం జరిగే తీరు

నలభై నిమిషాలు. అంతకన్నా లాగకండి. ఉపవాస కూటంలాగా మూడు గంటలు పెడితే ఆరు నెలల్లో ఆగిపోతుంది. ఇది ఏళ్ళ తరబడి నడవాల్సిన పని.

మనకి ఏడు గంటలైతే అస్మారాలో నాలుగున్నర. ఆ మాట చెప్పి మొదలుపెడతాం, "ఇప్పుడు వాళ్ళకి సాయంత్రం నాలుగున్నర" అని. ఒక పాట. నోటుపుస్తకం చేతులు మారుతుంది, ఒక్కొక్కరూ ఒక్కో పేజీ చదువుతారు. ఎన్నేళ్ళయిందో ఆ రోజుకి లెక్కేసి చెప్పాలి. ఆ లెక్క ప్రతినెలా మారుతుంది, అందుకే అది ముఖ్యం. ఒక్కొక్క పేరుకి ఒక్కరే ప్రార్థన చేయాలి, అందరూ ఒక్కసారి గొంతెత్తకూడదు. మా వాళ్ళకి ఇది అలవాటవడానికి కష్టమైంది.

ఏం ప్రార్థన చేయాలి? మొదట్లో అందరూ "ప్రభువా, చెరసాల తలుపులు తెరువు" అనే అంటారు. మంచిదే. కానీ దానితో ఆగిపోకండి. ఆ వయసులో మోకాళ్ళ నొప్పులుంటాయి, చూపు తగ్గుతుంది, కళ్ళజోడు ఎవరిస్తారు? షుగరుంటే మందు ఎక్కడిది? భార్యల కోసం చేయండి. వాళ్ళు విధవలూ కాదు, భర్త పక్కనున్నవాళ్ళూ కాదు. కాపలా కాసే కుర్రాడి కోసం చేయండి. వాడు కూడా జాతీయ సేవలో బలవంతాన ఉన్నవాడే అయి ఉండొచ్చు. ఇసయాస్ గారి కోసం చేయండి. సంతకం పెట్టి బయటికి వచ్చినవాళ్ళ కోసం మరీ మరీ చేయండి. కంటెయినర్‌లో ఒక్క రాత్రి ఉండని మనం వాళ్ళని తక్కువ చేసి మాట్లాడకూడదు. మా కూటంలో ఒకరు ప్రార్థనలో "విశ్వాసం విడిచిన ద్రోహులు" అన్నారు. కూటం అయ్యాక పక్కకి పిలిచి, ఇంకెప్పుడూ ఆ మాట అనొద్దని చెప్పాను.

ఏడాదికి ఒకసారి, మే నెలలో, ఒక పని చేస్తాం. మందిరం ఆవరణలో సుద్దముక్కతో ఇరవై అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు గీత గీస్తాం. విశాఖ పోర్టు నుంచి లారీల మీద పోయే చిన్న కంటెయినర్ కొలత అదే. ఇరవై మంది లోపల నిలబడతారు. పది నిమిషాలు మాటల్లేవు. అస్మారా సముద్ర మట్టానికి 2,300 మీటర్ల పైన ఉంది, మన అరకు కన్నా రెండింతలకి పైన ఎత్తు. మై సెర్వా దానికి దగ్గర్లోదే. పగలు ఎండకి ఆ రేకు కాలిపోతుంది, రాత్రి చలికి ఒంటికి అంటుకుంటుంది. అది మాత్రం చెప్పి ఊరుకుంటాం. నాటకం వేయొద్దు, గొలుసులు కట్టుకోవద్దు, ఫోటోలు తీయొద్దు. మొదటి ఏడాది ఆరేళ్ళ బాబు ఒకడు నాలుగో నిమిషంలో "అమ్మా, ఇందులో బాత్రూమ్ ఎక్కడ?" అని అడిగాడు. ఎవరం జవాబు చెప్పలేకపోయాం. ఆ తర్వాత అందరం చేసిన ప్రార్థన నాకు ఇప్పటికీ గుర్తే.

ఉత్తరం

ఖైదీలకి నేరుగా రాసి ప్రయోజనం లేదు. ఎక్కడున్నారో తెలియదు, తెలిసినా చేర్చరు. ఢిల్లీలో ఎరిత్రియా రాయబార కార్యాలయం ఉంది. రాయబారి గారికి రాయండి. ఇంగ్లీషులో, ఒకే పేజీ, బాగా రాయగలిగిన టీచరు ఎవరితోనైనా రాయించండి. మా ఉత్తరం తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది:

"గౌరవనీయులైన రాయబారి గారికి, మేము ఆంధ్రప్రదేశ్‌లోని ఒక చిన్న సంఘం సభ్యులం. మాలో కొందరు మీ దేశంలో నివసించారు, మీ ప్రజల ఆదరణ మరిచిపోలేదు. 2004 మే 23న నిర్బంధించబడిన డాక్టర్ కిఫ్లు గెబ్రెమెస్కెల్, పాస్టర్ హైలే నైజ్గి గార్ల గురించి వ్రాస్తున్నాము. వారిపై నేరారోపణ గానీ విచారణ గానీ జరగలేదని తెలిసింది. వారు ఎక్కడున్నారో కుటుంబాలకు తెలియజేయమని, వైద్యం అందించమని, వారిని విడుదల చేయమని కోరుతున్నాము. మీ 1997 రాజ్యాంగం 19వ అధికరణం ప్రతి వ్యక్తికీ తన మతాన్ని ఆచరించే స్వేచ్ఛ ఇచ్చింది. 2002 జనవరిలో మీ దేశం పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో చేరింది. ఆ మాటను గౌరవించమని మనవి."

అంతే. తిట్లు వద్దు, శాపాలు వద్దు, వాక్యాలు గుప్పించొద్దు. వేరే రాజకీయాలు, మన దేశం గొడవలు ఇందులో కలపొద్దు. అక్కడ మీకు తెలిసినవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ పేరు పొరపాటున కూడా రాయొద్దు. నేను మొదటి ఉత్తరంలో కాఫీ ఇచ్చిన మా పక్కింటి ఆవిడ గురించి రెండు వాక్యాలు రాశాను, పేరు లేకుండానే. మా ఆయన చదివి, "వీధి పేరు ఉంది, ఏ సంవత్సరమో ఉంది, పక్కింట్లో ఇండియన్లు ఉన్నది ఎవరికో వాళ్ళకి తెలియదా?" అన్నారు. అప్పటికప్పుడు చింపేశాను. ఇక్కడ కూడా ఆవిడ గురించి రాసిన దాంట్లో కొన్ని వివరాలు మార్చాను.

ఉత్తరం రాసే ముందు తాజా వార్త చూసుకోండి. విడుదలైన మనిషిని విడుదల చేయమని రాస్తే మిగతా పేర్లకి విలువ పోతుంది. స్పీడ్ పోస్ట్ చేసి రసీదు నోటుపుస్తకంలో ఆ మనిషి పేజీకే అంటించండి. జవాబు కోసం ఎదురు చూడకండి, మాకు ఒక్కటీ రాలేదు. అయినా ఆపీసులో ఎవరో ఒకరు కవరు విప్పుతారు, పేరు చదువుతారు.

చేయకూడనివి

డబ్బు వసూలు చేయకండి. "ఎరిత్రియా విశ్వాసులకి సాయం" అంటూ ఫోన్‌పే నంబర్లు వస్తుంటాయి. ఆ డబ్బు ఎవరికి చేరుతుందో తేల్చే దారి మనకి లేదు. మా కూటంలో చందా పెట్టె లేదు, ఎప్పుడూ ఉండదు.

ఎరిత్రియా వాళ్ళు ఎవరైనా కనబడితే చాలా జాగ్రత్త. మన పిల్లలు లండన్‌లో, స్వీడన్‌లో, జర్మనీలో, అమెరికాలో ఉంటున్నారు. వాళ్ళు వెళ్ళే చర్చి భవనంలోనే మధ్యాహ్నం ఎరిత్రియా సంఘం కూడుకోవడం మామూలే. ఆదరంగా పలకరించండి, "సెలామ్" అనండి, చాలు. "మీరెలా తప్పించుకున్నారు? జైల్లో ఏం చేశారు?" అని అడగొద్దు. మైకు ఇచ్చి సాక్ష్యం చెప్పమనొద్దు. ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు. బయట ఉన్నవాళ్ళ దగ్గర కూడా ఆ ప్రభుత్వం ఆదాయంలో రెండు శాతం పన్ను అడుగుతుంది, వాళ్ళ అమ్మానాన్నలు ఇంకా అక్కడే ఉంటారు. మనం పెట్టిన ఒక్క ఫోటోకి అక్కడ ముసలి తల్లిని స్టేషన్‌కి పిలవొచ్చు. కాఫీకి పిలిస్తే మాత్రం వెళ్ళండి, మూడో కప్పు దాకా కూర్చోండి. రెండో కప్పుకే లేచిపోతే ఆశీర్వాదం వదిలేసి పోయినట్టు అనుకుంటారు.

ఏళ్ళు గడిచినప్పుడు

మూడో ఏడు నుంచి విసుగు వస్తుంది. అవే పేర్లు, అదే ఖాళీ గడి. ఒక నెల ముగ్గురమే వచ్చాం. అందులో ఒకరు మందిరం తాళం వేయడానికి వచ్చిన వాచ్‌మన్. అతని చేతికే పుస్తకం ఇచ్చాం, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. ముగ్గురున్నా కూటం జరపండి. వర్షం వచ్చినా, క్రిస్మస్ హడావుడి ఉన్నా వాయిదా వేయకండి. అక్కడ వాళ్ళకి వాయిదా అనేదే లేదని ముందే చెప్పాను కదా.

ఎవరైనా చనిపోతే పేజీ చింపొద్దు, కొట్టేయొద్దు. పేట్రియార్క్ అంటోనియోస్ గారి పేజీలో 2022 ఫిబ్రవరి 9 అని రాసి, ఆ నెల ఆయన పేరు చదివాక అందరం లేచి నిలబడ్డాం. ఏడాదికి ఒకసారి ఆ పేజీ మళ్ళీ చదువుతాం.

విడుదలైతే ఏం చేయాలో మాకు 2020 దాకా తెలియదు. కరోనా అప్పుడు, ఫోన్‌లోనే కాన్ఫరెన్స్ కాల్ పెట్టుకుని కూటం జరుపుకుంటున్నాం. నోటుపుస్తకం మా ఇంట్లోనే ఉంది. డిసెంబరు 4న ఇరవై ఎనిమిది మంది యెహోవా సాక్షుల్ని వదిలేశారని వార్త వచ్చింది. డిగ్రీ చదివే ఆ అమ్మాయి రెండు మూడు చోట్ల చూసి, రూఢి చేసుకుని నాకు ఫోన్ చేసింది. పౌలోస్, ఐజాక్, నెగెదె, ముగ్గురి పేర్లూ ఉన్నాయి. మొదట ఎవరికి చెప్పాలా అని ఆలోచించి, అప్పట్లో లేచి వెళ్ళిపోయిన ఆ పెద్దాయనకే చేశాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "తేదీ రాశావా అమ్మా?" అన్నారు. రాయలేదన్నాను. "ముందు రాయి, నేను లైన్‌లోనే ఉంటాను" అన్నారు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, పెన్ను తెచ్చుకుని, మూడు పేజీల్లో కుడి చివర గడిలో రాశాను. ఒక్కో పేజీ తిప్పినప్పుడల్లా "ఆ, తర్వాత" అంటూ ఉన్నారు.

కిఫ్లు గారి పేజీలోనూ హైలే గారి పేజీలోనూ అంటించిన రసీదులు ఎక్కువై పుస్తకం మూతపడటం లేదు. మీరు కొనేటప్పుడు రెండు వందల పేజీలది, గట్టి అట్టది కొనండి.